ఏ డబ్బాలోనూ దొరకని ఆకుపచ్చ

తలుపుల మేస్త్రికి లోకంలో ఒకే ఒక్క గొప్ప. మనిషి కనిపిస్తే చాలు, అది చెవిలో వెయ్యందే వదిలేవాడు కాదు. గొప్పంటే బంగారమో భూమో కాదు, కన్నకూతురి కోసం తన చేతులతో తాను చేసిన ఊయల!

కూల్చేసిన పాత మేడల తలుపులు తెచ్చి, కోసి, చిత్రిక పట్టి, బల్లలూ బీరువాలూ చెయ్యడం అతని పని. అందుకే ఆ పేరు. సొంత పేరు కరెంటు బిల్లు మీద ఉంది కానీ, దానితో పిలిస్తే అతనే పలికేవాడు కాదు.

భార్య కడుపుతో ఉన్న రోజుల్లో అతనికి ఒక తలుపు దొరికింది. మూడు తరాల ఎండనీ వాననీ చూసినా పిసరంత వంకర పోని చెక్క. దాని మీద ఆకుపచ్చ రంగు. అబ్బ, ఏం రంగది! లేత ఆకు మీద పొద్దుటి ఎండ పడ్డట్టు ఉండేది. చెక్కంతా నున్నగా చిత్రిక పట్టాడు కానీ, ఊయల పైఅంచుకి పెట్టుకున్న ముక్క దగ్గరికి వచ్చేసరికి చేతులు రాలేదు. "ఈ ఆకుపచ్చ ఇప్పుడు ఏ డబ్బాలోనూ దొరకదు. దీన్ని గీకితే నా చేతులు పడిపోతాయి" అని రంగుని అలాగే ఉంచేశాడు. పనంతా దుకాణంలోనే చేశాడు. పాప పుట్టిన నెలకి ఊయల ఇంటికొచ్చింది. చూడొచ్చిన వాళ్లంతా ముందు అంచు నిమిరి, ఆ తర్వాత పాపని చూశారు.

ఎనిమిదో నెల వచ్చేసరికి పాపకి చిగుళ్ల దురద మొదలైంది. అంచు పట్టుకుని లేచి నిలబడేది, నిలబడి ఆ అంచునే కొరికేది. రబ్బరు ఉంగరాలిచ్చారు, బొమ్మలిచ్చారు. ఊహూ! అన్నీ విసిరికొట్టి మళ్లీ అంచు మీదే పడేది. పాత రంగులు నాలిక్కి తియ్యగా తగులుతాయని అప్పుడెవరికి తెలుసు? "చూశావా, వడ్రంగి కూతురు! అప్పుడే చెక్క రుచి మరిగింది" అని మేస్త్రి మురిసి ముక్కలయ్యాడు. అంచు మీద పడ్డ పంటి గాట్లని వచ్చినవాళ్లకి వేలు పెట్టి మరీ చూపించాడు.

ఆ పిల్లకి ఇప్పుడు ఏడేళ్లు. ఇంట్లో అందరూ పిట్ట అంటారు. మాటలు రాలేదు. ఏడాది నిండినప్పుడు 'అత్త', 'తాత' అని రెండు మాటలు వచ్చినట్టే వచ్చి, వచ్చిన దారినే వెళ్లిపోయాయి. ఇప్పుడు కూనిరాగం తీస్తుంది, అంతే. నాన్న తెచ్చిన స్క్రూలన్నిటినీ పొడుగు ప్రకారం వరసగా పేరుస్తుంది. అందులో ఒక్కటి అటూ ఇటూ అయితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది. మిక్సీ చప్పుడైతే చెవులు మూసుకుని బల్ల కింద దూరుతుంది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. కానీ వేడివేడి ఇస్త్రీ బట్టలు కనిపిస్తే వాటిలో మొహం పెట్టుకుని కిలకిలా నవ్వుతుంది. ఆ నవ్వు కోసం వాళ్లమ్మ ఉతికిన ప్రతి గుడ్డనీ, చివరికి మసిగుడ్డని కూడా, ఇస్త్రీ చేస్తుంది.

మేస్త్రికి ఒక అలవాటు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పి, "పిట్టా, ఎవరొచ్చారే?" అంటాడు. అని, లోపలికి రాడు. అక్కడే నిలబడి మనసులో పది దాకా లెక్కపెడతాడు. ఆ కాసేపూ అతని ప్రాణమంతా చెవుల్లోనే ఉంటుంది. 'నాన్న' అనక్కర్లేదు, 'నా' అన్నా చాలు. పదీ అయిపోయాక "నేనేనే తల్లీ" అని తనే జవాబు చెప్పుకుని లోపలికొస్తాడు. ఐదేళ్లుగా ఇదే వరస. ఒక్క రోజు కూడా తొమ్మిది దగ్గర ఆపేసి లోపలికి రాలేదు.

భార్య బాధ ఇంకో రకం. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో కాజాలు కుడుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ మనసు బలపాల మీదికి పోయింది. అవును, పలక మీద రాసే బలపాలే! పక్కనే పుస్తకాల కొట్టు. రోజుకి రెండు మూడు, చీర చెంగు చాటున పటపటా నమిలేసేది. ఎవరితోనూ అనలేదు. పిల్లకి రెండేళ్లప్పుడు డాక్టర్లు ఇది ఆటిజమని తేల్చి చెప్పిన రోజున మొగుడి ముందు బయటపెట్టింది. "నేనే తిన్నానండీ! నా నోటి కక్కుర్తే దాని నోట్లో మాట మింగేసింది" అని గుండెలు బాదుకుంది. మేస్త్రి ఆవిడ చేతులు పట్టి ఆపి, "ఛ, ఊరుకో. బలపాలు తిన్నవాళ్లు లోకంలో నువ్వొక్కదానివేనా?" అన్నాడు. అంతే. ఆ తర్వాత ఈ ఐదేళ్లలో ఒక్కసారైనా, కోపంలోనైనా, నోరు జారైనా ఆ మాట ఎత్తలేదు. అందుకే ఆవిడకి మొగుడంటే దేవుడితో సమానం. "వేరే మగాడైతే ఈపాటికి నన్ను మాటలతో పొడిచి చంపేవాడు" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేది.

అయినా మనసు ఊరుకోవాలి కదా! కొలతలకి వచ్చిన ఏడేళ్ల పిల్ల ఎవరైనా "ఆంటీ, జేబు పెద్దది పెట్టండి, నాకు చాలా సామాన్లుంటాయి" అంటే చాలు, ఆవిడ చేతిలో సూది చేతిలోనే ఆగిపోయేది. పిట్ట గొంతు ఎలా ఉండేదో! సన్నగా ఉండేదా, వాళ్ల నాన్నలా కాస్త బొంగురుగానా? ఎన్ని కాజాలు కుట్టినా ఆవిడకి ఆ ఊహ తెమిలేది కాదు.

ఇలా ఉండగా పిట్ట బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లల పాలపళ్లు ఊడితే పారెయ్యకుండా ఇమ్మన్నారు. సీసంలాంటి లోహాలు పసితనంలో ఒంట్లోకి చేరితే మెదడు ఎదుగుదలకి ఏమవుతుందో పళ్లని బట్టి చూస్తారట. భార్య దాన్ని రెండుసార్లు చదివింది. దూదిలో చుట్టి దాచిన రెండు పళ్లూ తీసి ఇచ్చేసింది. "నా బలపాలే బయటపడతాయి. పడనీండి, తెలియడమే మంచిది" అంది. కాగితం మీద మాత్రం మొగుడి ఫోన్ నంబరు రాసింది, చెడ్డమాట ఏదైనా ముందు ఆయన చెవిన పడితే మెల్లగా చెప్తాడని.

ఆర్నెల్లకి, ఒక గురువారం మధ్యాహ్నం, ఆ ఫోన్ వచ్చింది. పళ్లు పరీక్ష చేసిన అమ్మాయి ఇంటికే వస్తానంది. మేస్త్రి ఆమెకి అప్పటికే పళ్లమ్మాయి అని పేరు పెట్టేశాడు. భార్య పనిలో ఉంది, పిట్ట బడిలో ఉంది. మేస్త్రి ఒక్కడే దుకాణం మూసి ఇంటికొచ్చాడు.

పళ్లమ్మాయి కూర్చోగానే అడిగింది. "మేస్త్రీ గారూ, మాను కోస్తే లోపల వలయాలుంటాయి కదా. ఏ ఏడు వానలు పడ్డాయో, ఏ ఏడు ఎండిందో మీరు చూసి చెప్పగలరా?"

"కళ్లు మూసుకుని చేత్తో తడిమినా చెప్తానమ్మా."

"పాలపన్ను కూడా అంతే. కడుపులో ఉన్నప్పట్నుంచీ పొర మీద పొర పడుతుంది. పుట్టిన రోజు దగ్గర ఒక గీత ఏర్పడుతుంది." ఆమె కోసిన పన్ను బొమ్మ చూపించింది, సీసం ఉన్నచోట ఎరుపు పడేలా తీసింది. "ఇదిగో గీత. దీనికి ఇటుపక్క, అమ్మ కడుపులో ఉన్నన్నాళ్లూ, సీసం లేదనే చెప్పాలి. పుట్టాక ఏడెనిమిది నెలల దాకా కూడా ఫర్వాలేదు. ఇక్కణ్ణుంచి చూడండి."

అక్కణ్ణుంచి బొమ్మంతా ఎర్రగా ఉంది. అన్నేళ్లు మానుల్ని చదివినవాడికి దాన్ని చదవడానికి ఎంతసేపు?

"అయితే బలపాలు కాదా?" అన్నాడు మేస్త్రి, సీసం మాట పక్కన పెట్టి.

"ఏ బలపాలు?"

చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. "వాటివల్ల సీసం చేరి ఉంటే ఈ గీతకి ముందే కనిపించాలండీ. అక్కడేమీ లేదు. ఆవిడకి ఈ రోజే చెప్పండి, పాపం."

మేస్త్రికి గుండెల మీంచి ఐదేళ్ల బరువు దిగిపోయింది. భార్య మొహం ఎలా విప్పారుతుందో అప్పుడే కళ్లకి కట్టింది. "మరి ఇది ఎక్కడిదమ్మా?" అన్నాడు, దాదాపు హుషారుగానే.

"అదే చూద్దామని వచ్చాను. మీ పని బట్టలతో ఇంటికొస్తారా?"

"లేదమ్మా, మా ఆవిడకి చెక్కపొట్టు పడదు. దుకాణంలో ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకునే వస్తాను."

ఆమె సంచిలోంచి చిన్న యంత్రం తీసింది. దేనికి ఆనిస్తే దానిలో సీసం ఉందో లేదో చెప్తుందట. గోడలకి ఆనించింది, కిటికీలకి, గచ్చుకి, వంటగట్టుకి ఆనించింది. ఎక్కడా ఏమీ లేదు. "పాపకి ఎనిమిది నెలలప్పుడు వాడిన వస్తువులేమైనా ఉన్నాయా?" అని అడిగింది. మేస్త్రి మామూలు అలవాటు కొద్దీ, "ఉంది, చూద్దురు గాని రండి" అని గొప్పగా సామాన్ల గదిలోకి తీసుకెళ్లి ఊయల మీది దుప్పటి లాగాడు.

యంత్రం ఆకుపచ్చ అంచు మీద ఆనగానే అంకె పైపైకి పోయింది. పోతూనే ఉంది. పళ్లమ్మాయి చూపు అంకె మీంచి పంటి గాట్ల మీదికి వెళ్లి అక్కడ ఆగిపోయింది.

మేస్త్రి దుప్పటి చేతిలోనే పట్టుకుని అడిగాడు. "మా పిట్ట ఇలా అయింది దీనివల్లేనా?"

"అలా వేలు పెట్టి చెప్పలేమండీ. ఇలాంటి పిల్లల్లో కారణం ఇదీ అని తేలేది తక్కువ. ఇది లేకపోయినా ఇలాగే ఉండేదేమో. కానీ సీసం పసిమెదడుకి చెరుపే చేస్తుంది. ఎంతో కొంత దీని చెయ్యి ఉండే ఉంటుంది." ఆమె గొంతు తగ్గించింది. "మీకు తెలిసి చేసింది కాదు కదా. పాపకి ఒకసారి రక్తపరీక్ష చేయిద్దాం. దీన్ని మాత్రం గీకొద్దు, కాల్చొద్దు. తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పట్టా చుట్టి, గాలి చొరకుండా కట్టెయ్యండి. మావాళ్లు వచ్చి పట్టుకెళ్తారు."

ఆమె వెళ్లాక మేస్త్రి ఊయల ముందు నేల మీద చతికిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం మరదలు వస్తోంది. భార్య చెల్లెలు. ఏడో నెల. వచ్చేదే ఈ ఊయల పట్టుకెళ్లడానికి.

ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి. మేస్త్రి చెడ్డవాడు కాదు. ఆ ఊయల ఇంకో పసిబిడ్డ దగ్గరికి పంపే ఆలోచన అతనికి కల్లో కూడా రాలేదు. కానీ పంపననడానికి కారణం చెప్పాలి కదా! చెప్తే భార్యకి తెలుస్తుంది. తెలిస్తే, దేవుడిలా చూసే ఆ కళ్లు రేపట్నుంచి ఎలా చూస్తాయి? పిల్ల నోట మాట ఎలాగూ లేదు, పెళ్లాం కళ్లలో ఆ చూపు కూడా పోతే ఇంటికి రావడం దేనికి? ఆవిడకి విముక్తి ఇచ్చే మాటా, తన పరువు తీసే మాటా ఒక్కటే అయి కూర్చుంది.

అందుకని వడ్రంగి వాడు వడ్రంగి పనే చేశాడు. శుక్ర, శని రెండు రోజులూ తిండీ తిప్పలూ మాని కొత్త ఊయల చేశాడు. కొత్త చెక్క, రంగూ లేదు, వార్నిషూ లేదు. పాతదానికి చెదలు పట్టిందని ఇంట్లో చెప్పాడు. భార్య నవ్వింది. "మా చెల్లెలంటే ఇంత ప్రేముందని నాకు తెలీదే! నా కాన్పుకి మూడు నెలలు పట్టింది మీకు." శుక్రవారం అన్నం వడ్డిస్తూ అడిగింది, "పళ్ల సంగతి ఏమైనా తెలిసిందాండీ?" అని. "ఇంకా లేదు" అన్నాడు. శనివారం మళ్లీ అడిగింది. మళ్లీ అదే అన్నాడు. ఆవిడ నిట్టూర్చి పిట్ట గౌను ఇస్త్రీ చేసుకోవడంలో పడింది.

ఆదివారం పదింటికి మరదలు వచ్చింది. రెండంతస్తులు ఎక్కేసరికి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఒగరుస్తూనే బావ మీద పడింది.

"ఏంటి బావా, నేను అడిగింది ఆ ఆకుపచ్చ ఊయల. ఇదెవరిది?"

"దానికి చెదలు పట్టింది."

"పట్టవా మరి! ఇన్నేళ్లుగా నువ్వు చెప్పే గొప్పలు విని విని, ఏమిటో అంత రుచి అని అవీ వచ్చుంటాయి."

భార్య పకపకా నవ్వింది. మరదలూ నవ్వబోయి, కళ్లు తిరిగి కుర్చీలో కూలబడింది. భార్య పరిగెత్తుకెళ్లి నీళ్లు తెచ్చింది, తల నిమిరింది, విసురుతూ కూర్చుంది. నేల మీద పిట్ట తన స్క్రూల వరస తను పేర్చుకుంటోంది.

"ఏమైందే?" అన్నాడు మేస్త్రి.

"డాక్టరమ్మ మొన్న చెడామడా తిట్టింది బావా. ఒంట్లో రక్తం సగం కూడా లేదంట. ఐరన్ మాత్రలు వేసుకోకపోతే కాన్పునాడు ప్రాణం మీదికొస్తుందంట."

"మరి వేసుకోవడానికేం?"

మరదలు అక్క వంక చూసింది. అక్క విసనకర్ర ఆపింది.

"నేనే వద్దన్నానండీ. ఐరన్ అంటే ఇనుమేగా? ఇనుమూ లోహమేగా? లోహాలు పిల్లల మెదడుకి మంచివి కాదని ఆ బడి కాగితంలోనే రాశారుగా. నేను తిన్నదానికి పిట్ట అనుభవిస్తోంది. మా ఇంట్లో ఇంకో పిల్ల కూడా ఇలా..." విసనకర్ర ఒళ్లో పడేసింది. "మూడు నెలలయింది అది మాత్రలు మానేసి. నా మాట విని మానేసింది."

మూడు రోజులుగా బిగబట్టిన మేస్త్రి నోరు తనంతట తనే తెరుచుకుంది.

"మాత్రలు వేసుకో" అన్నాడు మరదలితో. "ఇప్పుడే వేసుకో. అది వేరు, ఇది వేరు. పిట్టకి చేరింది సీసం. అది బలపాల్లోంచి రాలేదు."

"మీకెవరు చెప్పారు?" అంది భార్య.

"పన్ను చెప్పింది. నీ కడుపులో ఉన్నన్నాళ్లూ అది శుభ్రంగా ఉంది. ఎనిమిదో నెలలో పట్టింది. ఊయల అంచుంది చూడు, ఆ రంగులో ఉంది. నేనే చేశాను. నేనే గీకకుండా ఉంచాను. అది కొరుకుతుంటే నేనే నవ్వాను." సామాన్ల గది వైపు వేలు చూపించాడు. "దానివల్లే అని గట్టిగా చెప్పలేమంది ఆ పళ్లు పరీక్ష చేసిన అమ్మాయి. కానీ నీవల్ల మాత్రం కాదు."

"బలపాలు కాదా?" అంది భార్య.

"కాదు."

"రోజుకి మూడు తిన్నానండీ. బలపాలు కాదా?"

"కాదే. కాదు."

ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఏడుపో, నవ్వో, ఐదేళ్లుగా లోపల ఇరుక్కున్న ఊపిరో తెలియదు. మేస్త్రి కూడా ఏడ్చేశాడు. ఇంత తేలికైన మాటని తను మూడు రోజులు మోశాడే అనిపించింది. ఒక్క అడుగు ముందుకేసి ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు.

"ఎప్పుడు తెలిసింది?" అంది ఆవిడ, చెంగు తియ్యకుండానే.

"గురువారం."

ఆవిడ చెంగు దించింది. "శుక్రవారం అడిగాను."

"అడిగావు."

"నిన్న కూడా అడిగాను."

మేస్త్రి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఊయల సంగతి మీకు తెలీదు" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఈ మూడు రోజుల సంగతి తెలుసు."

ఆవిడ లేచి చెల్లెలి సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. మూడు నెలలుగా ఒక్కటీ విప్పని అట్ట. ఒకటి వొలిచి చెల్లెలి నోట్లో తనే వేసింది, నీళ్లు తాగించింది. "నాది బుద్ధి తక్కువే తల్లీ. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తాను" అంది.

మరదలు కొత్త ఊయల ఆటోలో వేయించుకుని వెళ్లిపోయింది. పోతూ బావని ఏడిపించలేదు. మేస్త్రి సామాన్ల గదిలోకి వెళ్లి, పాత ఊయలని తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ పట్టా పరిచాడు. బరువైన చెక్క. ఒక్కడి వల్ల కాలేదు. రెండుసార్లు ఎత్తబోయి దించేశాడు. మూడోసారి అవతలి కొస పైకి లేచింది. తలెత్తి చూస్తే భార్య. చేతులకి పాత గుడ్డలు చుట్టుకుని వచ్చింది.

గాలి చొరకుండా కట్టమన్నారని అతను చెప్పాడు, ఇద్దరూ కలిసి పట్టా చుట్టారు. ఒకప్పుడు ఇలాగే ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని దీన్ని ఈ ఇంట్లోకి తెచ్చారు, అప్పుడు ఆవిడ నోరు ఒక్క క్షణం మూతపడలేదు. ఇప్పుడు ఏదో ఒకటి అంటే బావుండునని అతని ప్రాణం కొట్టుకులాడింది. తిట్టైనా సరే. గది అవతల పిట్ట కూనిరాగం తప్ప ఏమీ వినిపించలేదు.

చివరికి ఆవిడే అంది. "సాయం పట్టానని క్షమించాననుకోకండి."

"అనుకోవట్లేదు."

"ఐదేళ్లు మీరు నన్ను ఒక్క మాట అనలేదని ఊరంతా చెప్పుకున్నాను. నాకంత మంచితనం లేదు. నేను అంటాను. చాలా అంటాను."

"అనవే. ఎన్నైనా అను."

ఆవిడ నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. అతను ఊపిరి బిగబట్టి ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఆవిడ తల తిప్పేసుకుంది.

"ఇప్పుడు కాదు" అంది. "తాడు ఇటివ్వండి. గాలి చొరకూడదన్నారుగా, గట్టిగా కట్టాలి."